ఎర్రజంటకు తెల్లపిల్ల

వరుస తప్పుతానేమో, ముందే చెబుతున్నాను. ఓ రాజుగారికి పాములంటే ముద్దు. వాటిని సాకే గంగులు రెండు ఎర్రపాములను జతకట్టిస్తే, ఓ గుడ్డులోంచి తెల్లపిల్ల వచ్చింది.

దివాను కోనప్ప సభలోనే అరిచాడు. "ఎర్రవాటికి తెల్లది పుడుతుందా? అసలు గుడ్డు అమ్ముకుని ఇంకోటి పెట్టావు. చెయ్యి నరికిస్తాను!"

"చిత్తం దొరా. తమవి పిల్లికళ్ళు. మరి తల్లిగారివో?"

"నలుపు."

"తండ్రిగారివి?"

"నలుపే. మా తాతవి పిల్లికళ్ళు. అయితే?"

"రంగు తాత దగ్గర్నుంచి దాక్కుని వచ్చి మనవడిలో బయటపడింది. పాములకీ తాతలుంటారు దొరా. కాదు, మార్చేశారనే అంటారా, ముందు తమ సంగతి తేల్చండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్ల ఆ జంటదేనని దివానే గబగబా రాసిచ్చాడు.

ఈ కథ నాకు చెప్పిన మాణిక్యం వదినా, గంగులు, కోనప్పేనా? పేర్లు ఓసారి సరిచూడు.