వంగని రాజుగారి పన్నెండు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టాలి గానీ, దాచడమెందుకు, అది మా రాజ్యమే. పేరు చెబితే పక్క రాజ్యం వాళ్ళు నవ్వుతారు కాబట్టి చెప్పను.

మా రాజు కంపరాయలవారు ఎవరి ముందూ వంగరు. అది బిరుదు కాదు, అలవాటు. చెప్పులు ఇంకొకరు తొడగాలి. జారిన ఉత్తరీయం ఇంకొకరు తీయాలి. పాచికలాడినా అంతే. ఆయన విసురుతారు, కిందికి మాత్రం చూడరు. ఎంత పడిందో లింగోజి చదివి చెప్పాలి. రాజుగారి తాంబూలపు పెట్టె మోసే కొలువు అతనిది.

లింగోజి చదివితే రాజుగారికి ఎప్పుడూ పన్నెండే. ఆ పాచికల్లో అంతకు మించి లేదు కాబట్టి ఆగాడు గానీ, ఉంటే అదీ చదివేవాడు.

ఊరి చివర సింగమ్మ అనే మంత్రసాని పురిటిల్లు నడుపుతుంది. చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళంతా కాన్పుకి అక్కడికే వస్తారు. నేనూ అక్కడే పుట్టాను. ఆమె చేతిలో తేడా వచ్చింది ఆ ఒక్కసారేనని ఊళ్ళో అంటారు.

ఆ ఇల్లు నడవడానికి ఏటా జాతరలో బొమ్మల చక్రం పెట్టేవాళ్ళం. సోలెడు బియ్యం పోసి చక్రం తిప్పాలి. ముల్లు ఏ బొమ్మ దగ్గర ఆగితే ఆ బహుమతి మనది, బియ్యం పురిటింటిది. పోయినేడు రాజుగారు మేళతాళాలతో వచ్చి తిప్పారు. ముల్లు గాడిద బొమ్మ దగ్గర ఆగింది. బహుమతి గడ్డిమోపు.

మేమెవరం నవ్వలేదు. ఇళ్ళకి వెళ్ళేదాకా ఆగాం.

మర్నాడే దండోరా పడింది. "అదృష్టం మీద నడిచే ఆట ఏదైనా జూదమే! ధర్మకార్యానికైనా సరే, నేర్పుతో ఆడే ఆటలే ఆడాలహో!"

ఈ ఏడు జాతర ముందు గాలిదుమారం వచ్చి పురిటింటి కప్పు ఎత్తుకుపోయింది. పైగా వానలు ముంచుకొస్తున్నాయి. చక్రాన్ని ఎలాగైనా నేర్పున్న ఆటగా మార్చాలని ఊరంతా సభ చేశాం. ఒంటికాలి మీద నిలబడి తిప్పాలన్నాడు కరణం. కళ్ళు మూసుకుని తిప్పాలన్నాను నేను. రెండూ కలిపితే ఇంకా బాగుంటుందని, తనిఖీకి వచ్చిన తలారి ముందు నేనే తిప్పి చూపించాను.

చక్రం కదల్లేదు. నేను మాత్రం వెళ్ళి బెల్లం గంపలో పడ్డాను.

"ఇందులో నేర్పు నాకైతే కనబడలేదు," అని తలారి చక్రం ఎత్తుకుపోయాడు.

సింగమ్మ నేరుగా లింగోజి దగ్గరికి వెళ్ళింది. "లింగోజయ్యా, నిండు చూలాళ్ళున్నారు. బిడ్డ భూమ్మీద పడగానే నెత్తిన వాన పడాలా? నీ రాజుతో చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు చెబితే నా కొలువు పోతుంది, పెద్దమ్మా. నేనే చెబుతాను," అన్నాడు లింగోజి.

ఆ సాయంత్రం కొలువులో రాజుగారు పాచికలు విసిరారు.

"పన్నెండు, ప్రభూ! ఆహా! ఒక్క సందేహం. ఇది అదృష్టమా, నేర్పా?"

"వెర్రివాడా! అదృష్టమైతే ఒక్కసారైనా తక్కువ పడదూ? ఇది చేతి నేర్పు!"

"ఆ నేర్పు ప్రజలు చూడొద్దా, ప్రభూ? జాతరలో తమరు కూర్చోండి. సోలెడు బియ్యం పోసినవాడు తమరితో ఆడతాడు. బియ్యం పురిటింటికి పోతుంది. ఒకవేళ తమరే ఓడితే..."

రాజుగారు మీసం దువ్వారు. "నేను ఓడితే ఆ ఇంటి కప్పు నేనే వేయిస్తాను. కోట పెంకులతో! పాచికలు నేర్పున్న ఆటేనని, దాంతోపాటు ఇదీ దండోరా వేయించు."

దండోరా పడింది. రాజుగారి ఓటమి చూసే అదృష్టం ఎవరికీ లేదని తెలిసినా, జనం బియ్యం మూటలతో విరగబడ్డారు.

తీరా చూస్తే లింగోజి కళ్ళకి గుడ్డ కట్టుకుని వచ్చాడు.

"ఏమిటా వేషం?"

"కళ్ళకలక, ప్రభూ. ఇవాళ సింగమ్మ చదువుతుంది. ఏం పుట్టిందో అదే చెప్పడం ఆమెకి అలవాటు."

మొదటి ఆట సింగమ్మదే. ఆమెకి ఏడు పడింది. రాజుగారు తల పైకెత్తి, పాచికలు గలగలలాడించి, విసిరారు. సింగమ్మ వంగి చూసింది.

"మూడు, మహారాజా. కొంచెం బక్కగా పుట్టింది."

అది లెక్కలోకి రాదన్నట్టు రాజుగారు మళ్ళీ విసిరారు.

"రెండు. ఇది నెలలు నిండందిలా ఉంది."

"ఇది అన్యాయం!" రాజుగారు లేచి నిలబడ్డారు. "ఇదంతా ఉత్త అదృష్టం!"

లింగోజి చేతులు జోడించాడు. "అలాగే కానివ్వండి, ప్రభూ. అదృష్టమైతే తమ దండోరా ప్రకారం ఇది జూదం. ఇన్నేళ్ళూ కోటలో ఆడిందీ జూదమే. తలారిని పిలిచి ముందు ఎవరిని పట్టుకోమంటారు? నేర్పే అంటారా, అయితే ఈ పూట నేర్పు సింగమ్మది. పెంకులు తమరివి."

రాజుగారు ఒక చేత్తో కిరీటం పట్టుకుని, పుట్టిన తర్వాత మొదటిసారి, నడుం వంచి పాచికల్ని చూశారు. రెండూ ఒక్కొక్క చుక్కతో ఆయన్నే చూస్తున్నాయి.

"లింగోజీ, మరి ఇన్నాళ్ళ పన్నెండు?"

"అది తమరి అదృష్టమూ కాదు, తమరి నేర్పూ కాదు." లింగోజి గుడ్డ విప్పాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. "నా నేర్పు, ప్రభూ."

కత్తి మీద చెయ్యి పడుతుందనుకున్నాం. రాజుగారు చెయ్యి పాచికల మీద వేశారు. "తరువాత ఎవడు? ఈసారి నేనే చదువుకుంటాను."

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి కరణం తోస్తే నేను వెళ్ళి రాజుగారి ఎదుట పడ్డాను. సోలెడు బియ్యం పోసి, చిన్నప్పటినుంచీ పాచికల్లో చేయి తిరిగినవాడిలా మణికట్టు తిప్పి విసిరాను.

నాలుగు.

రాజుగారు విసిరి, కిరీటం జారుతున్నా వంగి, వేలితో చుక్కలు లెక్కపెట్టుకున్నారు. "ఐదు... ఒరేయ్, ఐదు! నిజంగా ఐదు! నేను గెలిచానురా!" ఆయన నవ్వు మొదలుపెడితే ఆయనెక్కి వచ్చిన ఏనుగు బెదిరింది. లింగోజి మెడలో తన ముత్యాలహారం వేసి, "రేపటినుంచి ఉన్నది ఉన్నట్టు చదువు. ఎప్పుడైనా నిజంగా పన్నెండు పడితే మాత్రం గట్టిగా అరవాలి," అన్నారు. చక్రం కూడా తిరిగిచ్చేశారు, గాడిద బొమ్మ చెరిపేయాలన్న షరతు మీద.

వానలు రాకముందే పురిటింటికి కోట పెంకులు పడ్డాయి. మా ఊళ్ళో కోట కప్పు కింద పుట్టని పసివాడు ఇప్పుడు లేడు.

లింగోజి తెలివిని అందరూ మెచ్చుకుంటారు, నేనూ కాదనను. కానీ రాజుగారిని ఆయన జన్మలో మొదటిసారి నిజంగా గెలిపించిందెవరు? అలా నాలుగు వేయడానికి ఎంత నేర్పు కావాలో, అదృష్టం మీద బతికే ఈ ఊరివాళ్ళకేం తెలుసు!