తోడేళ్ళను పిలిచిన తిప్పక్క

అనగనగా ఒక బీడు. ఈ చివర నిలబడితే ఆకాశం, ఆ చివర నిలబడితే ఆకాశం, మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఊ కొట్టండి మరి. ఊ కొట్టేవాళ్ళు లేకుండా ఈ కథ చెప్పగూడదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆ బీడు అంచున గొర్రెల కాపరుల ఊరు. ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒకామె. మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, గంగి. తిప్పక్క ఆస్తల్లా ఒక గుడిసె, ఒక చేతికర్ర, ఒక గొంతు. ఊరికి కావలసింది ఆ గొంతే. రెండు అరచేతులూ దొప్పలా మూసి నోటి దగ్గర పెట్టుకుందంటే తోడేలు ఏ మూలనున్నా లేచి రావాల్సిందే.

మందలో తోడేలు పడినప్పుడల్లా ఊరి పెద్ద చెన్నప్ప మనిషిని పంపేవాడు. తిప్పక్క ముందు, ఈటెల వాళ్ళు వెనక. వాళ్ళు గడ్డిలో బోర్లా పడుకునేవాళ్ళు. ఆమె ఒక్కతే బయట కూర్చునేది. పిలిచేది. ఆగేది. వినేది. తోడేలు చచ్చాక ఈటె వేసినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించేవాళ్ళు. తిప్పక్క ఆ గుంపు వెనకాల కర్ర పొడుచుకుంటూ ఇంటికొచ్చేది.

ఆమెకు మూడు పిలుపులు వచ్చు. వాళ్ళమ్మ నేర్పింది. మొదటిది తప్పిపోయిన గొర్రెపిల్ల అరుపు. దానికి ఆకలిగొన్న తోడేలు వస్తుంది. రెండోది పరాయి తోడేలు ఊళ. దానికి కోపమొచ్చిన తోడేలు వస్తుంది. మూడోది తోడేలు పిల్ల ఏడుపు. దానికి తల్లి వస్తుంది.

"మూడోదానితో వేటాడొద్దే," అనేది వాళ్ళమ్మ. "ఆకలితో వచ్చినదాన్ని చంపితే పిలుపు అక్కడితో ఆగుతుంది. కోపంతో వచ్చినదాన్ని చంపినా ఆగుతుంది. బిడ్డ కోసం వచ్చినదాన్ని చంపితే ఆగదు. పలికే తల్లి కోసం తిరుగుతానే ఉంటుంది."

"మరి నాకెందుకు నేర్పినావు మా?"

"తప్పిపోయిన పిల్ల దొరికితే తల్లిని పిలిచి ఇయ్యడానికి."

ఒక ఏడాది చెవి చిరిగిన తోడేలొకటి ఊరి గొర్రెల్ని పట్టడం మొదలుపెట్టింది. మొదట ఒక విధవరాలి గొర్రె పోయింది. చెన్నప్ప అయ్యో అన్నాడు. తర్వాత ఒక ముసలాయన గొర్రె పోయింది. చెన్నప్ప మళ్ళీ అయ్యో అన్నాడు. ఆ తర్వాత చెన్నప్ప పొట్టేలు పోయింది. అప్పుడు ఊరికి ఆపద వచ్చింది.

మొదటిరోజు తిప్పక్క గొర్రెపిల్లలా అరిచింది. పిలిచింది. ఆగింది. విన్నది. తోడేలు రాలేదు. రెండోరోజు ఊళ వేసింది. పిలిచింది. ఆగింది. విన్నది. రాలేదు.

"ఏం తిప్పక్కా, గొంతుకు కూడా వయసైపోయిందా?" అన్నాడు చెన్నప్ప.

"గొంతుకేం కాలేదు పెద్దయ్యా. అది పాలిచ్చే తల్లి. ఊరికే నమ్మదు."

"అయితే ఆ మూడోది వెయ్."

"అది వెయ్యగూడదు."

చెన్నప్ప మీసం కింద నవ్వుకున్నాడు. "మీ గంగి గొర్రెలు మేసేది ఎవరి బీడులో? రేపటినుంచి ఇంకెక్కడన్నా మేపుకోమను."

గంగి అప్పుడు పచ్చి బాలింత. ఆ గొర్రెలు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మూడోరోజు పొద్దువాలే వేళ అరచేతులు మూసింది. పిలిచింది. ఆగింది. విన్నది.

తల్లితోడేలు వచ్చింది. నక్కి నక్కి రాలేదు. పాలు చేపిన పొదుగు ఊగుతుంటే ఎదురుగా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈటెల వైపు చూడలేదు. తిప్పక్క ముందు నిలబడి, మూసిన ఆ అరచేతుల్లోకి చూసింది, పిల్ల అందులో ఉందేమోనని.

అప్పుడే ఈటెలు దిగాయి.

తిప్పక్క చేతులు దించేసింది. నోరు మూసేసింది. అయినా ఏడుపు ఆగలేదు. గడ్డిలోంచి వస్తూనే ఉంది.

"వినపడతాందా?" అంది.

"ఏం వినపడాల?" అన్నాడు చెన్నప్ప. ఈటెల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. అది పాలు తాపినవాళ్ళకే వినపడే ఏడుపు. చంపించినవాడు మాత్రం ఆ పూట హాయిగా నిద్రపోయాడు.

తిప్పక్క రోజుల తరబడి బీడంతా గాలించి తోడేలు బొరియ కనిపెట్టింది. అప్పటికే పిల్లలు చచ్చిపోయి ఉన్నాయి. ఏడుపు మాత్రం ఆగలేదు.

మొదట ఒక గొర్రె తన పిల్లను వదిలేసి బీడులోకి నడిచిపోయింది. తిరిగి రాలేదు. తర్వాత ఒక పాడి ఆవు పలుపు తెంచుకుని పోయింది. అదీ తిరిగి రాలేదు. మూడోసారి తిప్పక్క పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేసరికి ఉయ్యాలలో మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది. గంగి లేదు.

గంగి గడ్డిలో పోతోంది. రైక తడిసిపోయి ఉంది. అడుగులు తడబడటం లేదు.

"యాడికే గంగీ?"

"బిడ్డ ఏడుస్తాంది మా."

"బిడ్డ ఇంట్లో ఉంది కదే."

"అది కాదు," అంది గంగి, వెనక్కి తిరక్కుండానే.

తిప్పక్క కూతుర్ని ఈడ్చుకొచ్చి, చీరకొంగుతో గుంజకు కట్టేసింది. బిడ్డను ఒళ్ళో వేసింది. గంగి బిడ్డ వైపు చూడనే లేదు. మొహం వాకిలి వైపే ఉంది.

"పిలిచింది నేను," అంది తిప్పక్క. "నేనే పలకాల."

గంగికి అరక్షణం తెలివొచ్చింది. "పలికి వచ్చేస్తావా మా?"

"లేచి వచ్చేస్తే మళ్ళీ ఏడుస్తుంది కదే."

కర్ర కూడా తీసుకోకుండా పోయింది. తల్లితోడేలు పడిన చోట కూర్చుంది. తనకెవరూ నేర్పని నాలుగో గొంతుతో పలికింది. పిల్లలకు ఇదిగో వచ్చేశానని తల్లితోడేలు చెప్పుకునే గొంతు అది. ఊళ్ళో పాలిచ్చే ఆడవాళ్ళంతా విన్నారు. ఏడుపు ఆగింది. గంగి కిందికి చూసి బిడ్డను రొమ్ముకు అదుముకుంది.

తెల్లారి వెళ్ళి చూస్తే తిప్పక్క కూర్చునే ఉంది. పలకరిస్తే పలకలేదు. ఒళ్ళో అరచేతులు దొప్పలా ఉన్నాయి. ఆ ముసలి చేతుల నిండా పాల తడి. చుట్టూ మట్టిలో చిన్న చిన్న తోడేలు పిల్లల అడుగులు. అన్నీ ఆమె దగ్గరికి వచ్చినవే. వెనక్కి పోయిన అడుగు ఒక్కటీ లేదు.

ఆమెను అక్కడే పాతిపెట్టి రాళ్ళు పేర్చారు. కొన్నాళ్ళకు చెన్నప్ప ఇంకో పిలిచేమనిషి కోసం వెతికించాడు. ఆ ఊళ్ళో ఏ ఆడదీ తనకు పిలవడం వచ్చని చెప్పలేదు.

ఇప్పటికీ ఆ బీడు దగ్గరి ఊళ్ళల్లో ఈనిన గొర్రె మొదటి పాలు ఆ రాళ్ళ మీద పోసి గానీ దుత్తలో పితకరు. ఇప్పటికీ అక్కడ పిలిస్తే పలకనివాణ్ణి మనిషి కింద లెక్కేయరు. ఇప్పటికీ పొద్దుగూకే వేళ పసిబిడ్డ ఏడిస్తే, తల్లి చేతిలో పని వదిలేసి ముందు వాకిట్లోకి వస్తుంది. బీడు వైపు తిరిగి గట్టిగా చెబుతుంది:

"నువ్వు కూర్చో తిప్పక్కా, లేవొద్దు. ఇది నా బిడ్డే. నేను పోతాండా."

ఆ తర్వాతే లోపలికి పోయి బిడ్డను ఎత్తుకుంటుంది.

ఊ కొట్టారా? అందరూ కొట్టారా? సరే, పలక్కుండా ఏ పిలుపూ మిగల్లేదు. ఇక పడుకోండి.