తోక కదపకూడని పాఠం

ఇప్పలకోన అనే అడవిలో పికిలిపిట్టలు, గోరింకలు, పిచ్చుకలు, ఉడతలు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవిలో పాటంటే కోయిల మాస్టారిదే. ఆయన గొంతు విప్పితే మేస్తున్న జింకలు కూడా తలెత్తి చూసేవి. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఒక పికిలిపిట్టకు తుర్రి అనే కూతురు ఉండేది. రెక్కలు రాకముందు నుంచే గూట్లో కూర్చుని ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండేది. పాడేటప్పుడు దాని తోక కిందికీ పైకీ ఊగేది. తల్లి మురిసిపోయి దాన్ని మాస్టారి దగ్గర పాఠానికి చేర్చింది.

కోయిల మాస్టారు పిల్లలందరినీ ఒకే కొమ్మ మీద వరుసగా కూర్చోబెట్టారు. "ముందు తోకలు కదపకుండా కూర్చోవడం నేర్చుకోండి. మూడు నెలలు ఒక్క 'స' మాత్రమే. అది కుదిరాకే 'రి'," అన్నారు.

తుర్రి 'స' అంది. తోక ఊగింది. "మళ్ళీ," అన్నారు మాస్టారు. మళ్ళీ అంది. మళ్ళీ ఊగింది. ఆ పూట దాని చేత నలభైసార్లు అనిపించారు. పక్కనున్న ఉడతపిల్లకు నవ్వొచ్చింది గానీ, మాస్టారి ఎర్రటి కళ్ళు చూసి నోట్లోనే మింగేసింది.

నెల తిరిగేసరికి తుర్రి తోక ఊపడం మానేసింది. దారికొచ్చిందని మాస్టారు సంతోషించారు.

తల్లి మాత్రం దిగులుగా వచ్చింది. "మాస్టారూ, మా తుర్రి ఇంట్లో పాడటమే మానేసిందండీ. పాడవే అంటే రెక్క కింద తల దాచుకుంటోంది."

"విద్య ఊరికే వస్తుందా అమ్మా? ఆటలే కావాలంటే ఆ వడ్రంగిపిట్ట దగ్గరికి పంపు," అన్నారాయన వెటకారంగా.

పాపం, తల్లి ఆ మాటే పట్టుకుని పంపేసింది.

వడ్రంగిపిట్ట పేరు ముక్కన్న. అతనికి పాట రాదు. ఎండుమాను మీద ముక్కుతో దరువు వేయడమే వచ్చు. "నాకు గొంతు లేదు తల్లీ. నేను దరువేస్తాను, నువ్వు గెంతు. నోరు ఊరుకోకపోతే పాడు," అన్నాడు.

మొదటిరోజు తుర్రి గెంతింది, అంతే. రెండోరోజూ అంతే. ముక్కన్న దరువు వేస్తూనే ఉన్నాడు. ఐదోరోజు గెంతుతూ గెంతుతూ తనకే తెలియకుండా 'స' అంది. మాస్టారు పాడగా విన్న స్వరాలన్నీ దాని వెనకే వచ్చేశాయి.

కొన్నాళ్ళకు మాస్టారి కొమ్మ ఖాళీ అయిపోయింది. ఆ పాటా దరువూ విని పిల్లలంతా ఎండుమాను చుట్టూ చేరారు.

మాస్టారికి ఉక్రోషం వచ్చింది. ముక్కన్నను నలుగురిలో కడిగేద్దామని బయలుదేరి, సగం దారిలోనే ఆగిపోయారు. ఎవరో పాడుతున్నారు. తాను నెలరోజులు సాధన చేయించినా పిల్లలకు రాని నిఖార్సైన 'స' అది. ఆయనకు కోపం పోయి, కళ్ళు చెమర్చాయి.

"ఎవరమ్మా పాడింది?" అంటూ వచ్చి ఎదురుగా వాలారు.

తుర్రి ఆయన్ని చూసింది. పాట ఆగిపోయింది. తోక బిగుసుకుపోయింది.

"పాడు తల్లీ, నేనేమీ అనను," అన్నారు మాస్టారు మెల్లగా. తుర్రి నోరు తెరిచింది గానీ గొంతు పెగల్లేదు. ఇంత గొంతున్న తాను ఒక పసిదాని గొంతు నొక్కేశానని అప్పటికి గానీ ఆయనకు అర్థం కాలేదు. సిగ్గుతో తల దించుకున్నారు.

అక్కడి నుంచి ఎగిరి, పక్క చెట్టు గుబురులో ఎవరికీ కనిపించకుండా కూర్చున్నారు. ముక్కన్న మళ్ళీ దరువందుకున్నాడు. చాలాసేపటికి తుర్రి పాడింది. మాస్టారు ఆకుల చాటునుంచి చివరిదాకా విన్నారు.

నీతి: పసిపిల్లలకు ముందు పాట మీద ఇష్టం కలిగించాలి, భయపెట్టి నేర్పితే ఉన్న పాట కూడా పోతుంది.