గింజ పోయింది, బియ్యం పోలేదు

ఒక మాట ఇంతవరకూ పైకి అనలేదు. రోహిణి మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. పోయాక కూడా ఉన్నట్టే మాట్లాడుతున్నాను, అమ్మ దగ్గరా, పిన్ని దగ్గరా. ఇప్పుడు ఉన్నది భయం. ఫోన్ చేస్తే అవతల పాత రోహిణి పలుకుతుందో, ఇంకెవరో పలుకుతారో అని.

రోహిణి మా పిన్ని కూతురు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పక్క వేస్తే, అమ్మమ్మకి ఇటు నేను, అటు అది. పెద్దయ్యాక, దాని ఆడపడుచు సారెకి అరిసెలు వండుతున్న రోజున మాటా మాటా వచ్చింది మాకు. పాకం దించమని నేను చెప్పేసరికే ఆలస్యమైంది, ముదిరిపోయింది. "పుస్తకాలు చదివితే పాకం వచ్చేస్తుందనుకున్నావా?" అంది, అందరి ముందూ. నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు, దొరికిన పుస్తకమల్లా పట్టుకుని చదువుకున్నదాన్ని. తగలాల్సిన చోటే తగిలింది. "పెళ్ళయ్యాక మారిపోయావే నువ్వు. అసలు రోహిణివే కాదు" అన్నాను. అది గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఇందాక పాలల్లో తోడు వేస్తుంటే అమ్మమ్మ చెప్పే కథ గుర్తొచ్చింది. మారిపోయావు అన్నానే, ఎలా మారింది అది? పాలు మారినట్టా, బియ్యం మారినట్టా? పుస్తకాల్లో వీటికి భౌతిక మార్పు, రసాయన మార్పు అని పేర్లున్నాయి. అమ్మమ్మ కథలో పేర్లు లేవు, ఒక ప్రశ్న ఉంది. ఆవిడ చెప్పినట్టే రాస్తాను.

అనగా అనగా, మీ అమ్మలు కూడా పుట్టకముందు, నేను కూడా పుట్టకముందు, ఉప్పుమడుల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క పేరు నూకాలు. చెల్లి పేరు పైడి. ఊ కొడుతున్నారా? మీరు ఊ కొట్టకపోతే కథ అక్కడే కూచుంటుంది, తర్వాత నన్ననకండి.

నూకాలు నెమ్మది. పైడికి కాలు నిలవదు, నోరు అసలే నిలవదు. అదేంటి, ఇదేంటి, అలాగెందుకు, ఇలాగెందుకు. మన రోహిణి గుంటలాగ అనుకో.

ఒకరోజు మడుల్లో తెల్లగా ఉప్పు తేలింది. రేపు తీద్దాం అనుకున్నారు. ఆ రాత్రే వాన పడింది. అప్పుడు ఉప్పంతా కరిగి కనబడకుండా పోయింది. ఊరు ఊరంతా అయ్యో అంది. పైడి మాత్రం "ఉప్పు ఎక్కడికెళ్ళింది?" అంది. అందరూ తలలు పట్టుకుని ఇళ్ళకి పోయారు. వాన నీళ్ళు కాలవలో పడి సముద్రం వైపు పోతున్నాయి. ఆ నీళ్ళనే అడుగుదామని వాటి వెంట నడిచి వెళ్ళిపోయింది.

కాలవ చివర, ఇసక దిబ్బ మీద గవ్వలవ్వ గుడిసె. గోడలకి గవ్వలు, గడపకి గవ్వలు. ఆ అవ్వకి లోకంలో ఉన్న జవాబులన్నీ తెలుసు. ఏం లాభం, అడిగేవాళ్ళు లేరు. అప్పుడు పైడి వెళ్ళి అడిగింది. అవ్వ మురిసిపోయింది. "నీలాంటి పిల్ల కోసమే చూస్తున్నాను. ఇంక నువ్వు నా దగ్గరే" అని తలుపు వేసేసింది.

"అన్నం పెట్టిందా అమ్మమ్మా?" అనేది రోహిణి ఇక్కడికి రాగానే.

"పెట్టింది. రాకాసేం కాదు, తోడు లేని ముసల్ది. చేపల పులుసు కూడా పెట్టింది. ఊ కొట్టు."

నూకాలు చెల్లి కోసం పరిగెత్తింది. కానీ కాలవ పొంగి దారి మూసుకుపోయింది. వానలు వెనకపట్టేదాకా ఇవతలి గట్టు మీదే కూర్చుని అవతలికి చూసింది. ఆ తర్వాత నీళ్ళు తగ్గాయి. అప్పుడు చీర ఎగ్గట్టి కాలవ దాటింది.

"నా చెల్లిని ఇచ్చెయ్యవ్వా."

"ఊరికే ఇస్తానా? మూడు చూపిస్తాను. ఒక్కోటీ చూసి, అదేనా, ఇంకొకటా, చెప్పు. మూడూ సరిగ్గా చెబితే తీసుకుపో. ఒక్కటి తప్పితే పైడి నాది."

అప్పుడు అవ్వ గిన్నెడు నీళ్ళల్లో గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. కలిపి కలిపి చూపించింది. ఉప్పు లేదు, నీళ్ళే ఉన్నాయి. "నా ఉప్పు కనబడుతోందా? లేదుగా. మరి లోపలున్నది అదేనా, ఇంకొకటా?"

నూకాలు వేలు ముంచి నాక్కుంది. ఆ తర్వాత ఆ నీళ్ళు పళ్ళెంలో పోసి ఎండలో పెట్టింది. నీళ్ళు ఆవిరై ఆకాశంలోకి పోయాయి. పళ్ళెంలో తెల్లటి చార మిగిలింది. గోకి చూస్తే ఉప్పు.

"అదే అవ్వా. కనబడనంత మాత్రాన పోయినట్టు కాదు."

అవ్వ మూతి ముడుచుకుంది. ఆ తర్వాత కుండలో పాలు తెచ్చింది. గోరువెచ్చగా కాచి, చిటికెడు ఏదో వేసి మూత పెట్టింది. "పడుకో" అంది. తెల్లారి మూత తీసింది. "అదే కుండ. అదే తెలుపు. చుక్క తగ్గలేదు. ఉప్పులాగా మాయం కూడా అవలేదు. అదేనా, ఇంకొకటా?"

చూస్తే అవే పాలు. నూకాలు కొంచెం నీళ్ళు పోసి చిలికింది, పలచబడింది గానీ పాలు కాలేదు. పొయ్యి మీద పెట్టింది, విరిగి ముక్కలు ముక్కలైంది. నాలిక మీద వేసుకుంది, పులుపు.

"ఇంకొకటి అవ్వా. కంటికి అవే, నాలిక్కి కావు. లోపల్లోపలే వేరే అయిపోయాయి."

"చెడిపోయాయంటావా?"

"చెడిపోవడమేంటి, పెరుగయ్యాయి. అన్నంలో కలుపుకుంటే ఎంత బావుంటుంది."

ఇక్కడ నేను అడ్డొచ్చేదాన్ని. "అమ్మమ్మా, పెరుగుని కూడా పళ్ళెంలో పోసి ఎండలో పెడితే?"

"పెట్టి చూడు హైమా. మీ తాతయ్య తిట్లు నువ్వే తిను."

నేనూ రోహిణీ నిజంగానే పెట్టాం, డాబా మీద. పాలు రాలేదు. చీమలొచ్చాయి. తాతయ్యా వచ్చారు.

సరే. అప్పుడు అవ్వ మూడోది తెచ్చింది. చేటలో బియ్యం. నూకాలు చూస్తుండగానే రోట్లో పోసి దంచింది. జల్లించింది, మళ్ళీ దంచింది. మెత్తటి పిండి అయింది. "ఇదుగో. ఇప్పుడు చెప్పు. అదేనా, ఇంకొకటా?"

నూకాలు వెంటనే నోరు తెరిచింది. ఎందుకంటావా? దానికి ఒక లెక్క కుదిరిపోయింది. ఉప్పు తిరిగొచ్చింది, కాబట్టి అదే. పాలు తిరిగి రాలేదు, కాబట్టి ఇంకొకటి. మరి పిండి? ఎండలో పెడితే గింజలవుతుందా, నీళ్ళల్లో వేస్తే గింజలవుతుందా? ఏం చేసినా అవదు. ఇంకొకటి అని నాలిక చివరిదాకా వచ్చేసింది.

అవ్వ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి నూకాలు ఆగింది. జవాబు చెప్పే ముందు చిటికెడు పిండి నోట్లో వేసుకుంది.

చిన్నప్పుడు తనూ పైడీ చేటలోంచి పచ్చి బియ్యం దొంగతనంగా నమిలేవాళ్ళు. నమిలితే నోట్లో పాలలాగా ఊరి, చివరికి కాస్త తియ్యగా తగిలేది. ఇదీ అదే రుచి. అదే తీపి. అప్పుడు దానికి తెలిసింది. తిరిగొస్తుందా అన్నది కాదు అడగాల్సింది. ఉన్నదేమిటి అని అడగాలి.

"గింజ పోయిందవ్వా. బియ్యం పోలేదు. ఇది అదే."

అవ్వ రోకలి గోడకి చేర్చింది. ఆ తర్వాత లోపలి తలుపు తీసింది.

పైడి బయటికొచ్చింది. ఉప్పుగాలికి జుట్టు తాళ్ళు కట్టింది. చిక్కిపోయింది. అక్కని చూసింది, చూసి ఊరుకుంది. ఏంటి అనలేదు, ఎందుకు అనలేదు.

"జవాబులన్నీ వినేసింది. ఇప్పుడు ప్రశ్నలు లేవు దీని దగ్గర" అంది అవ్వ. "చూసుకో. నీ చెల్లేనా, ఇంకొకత్తా? ఇంకొకత్తయితే వదిలేసి పో, నేనుంచుకుంటాను."

రోహిణి ఇక్కడ అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేది. కథ ఎన్నిసార్లు విన్నా సరే.

నూకాలు ఏడవలేదు. అవుననలేదు, కాదనలేదు. రోటి దగ్గరికి వెళ్ళి చిటికెడు పిండి తెచ్చి చెల్లి నోట్లో పెట్టింది. పైడి నమిలింది. నమిలి, మొహం చిట్లించింది.

"అక్కా, ఇందులో ఇసకెందుకుంది?" అంది.

అంతే. నూకాలు దాని చెయ్యి పట్టుకుని కాలవ దాటించేసింది. దారి పొడుగునా ఆ గుంట నోరు మూస్తే ఒట్టు.

"మరి అవ్వ? మళ్ళీ ఒక్కర్తే అయిపోయిందిగా?" రోహిణే.

"పైడి ఊరుకుంటుందా? ప్రతి పున్నమికీ వెళ్ళి, నెల్లాళ్ళ ప్రశ్నలు అడిగేసి వచ్చేది."

"అమ్మమ్మా, అన్నం వండితే మళ్ళీ బియ్యం అవదుగా. అది అదేనా, ఇంకొకటా?" ఈసారి నేను.

"అన్నం ఇంకొకటే. నిప్పు చాలావాటిని ఇంకొకటి చేస్తుంది. అన్నిటినీ కాదు. పేరిన నెయ్యి పొయ్యి దగ్గర పెడితే కరుగుతుంది, దించితే మళ్ళీ పేరుకుంటుంది. ఏ నిప్పు ఏం చేసిందో దేనికది చూసుకోవాలి. ఇంక కళ్ళు మూసుకోండే తల్లుల్లారా."

అప్పుడు ఆవిడ పాటలో మొదటి మాట అనేది, మేమిద్దరం అందుకునేవాళ్ళం.

ఉప్పు నీళ్ళల్లో, నీళ్ళు మబ్బుల్లో,
పాలు పెరుగులో, పిండి అప్పల్లో,
కథ కంచి దారిలో,
మనం కంటి రెప్పల్లో.

రాయడం అయిపోయింది. వెళ్ళి గిన్నె మూత తీసి చూశాను. ఇంకా తోడుకోలేదు. పాలూ కాదు, పెరుగూ కాదు.

నేను నూకాల్లా చెయ్యలేదు. చిటికెడు నోట్లో వేసుకోకుండానే జవాబు చెప్పేశాను, నువ్వు రోహిణివే కాదని. కొత్త ఇంట్లో పది మంది మధ్య దంచితే ఎవరి గింజ నిలుస్తుంది? ఒకవేళ నిజంగానే ఇంకొకటి అయిపోయినా, పెరుగుతో అన్నం తినడం మానేశామా ఏంటి.

ఇంకోటి కూడా ఇప్పుడే తట్టింది. ఆ రోజు పాకం ముదిరింది, మాడలేదు. మాడితే చేదు, ఇంక చేసేదేం లేదు. ముదిరితే ఒక గరిటెడు వేణ్ణీళ్ళు పోస్తే మళ్ళీ దారికొస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. దానికీ తెలుసు. నీళ్ళు పక్క పొయ్యి మీద మరుగుతూనే ఉన్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూస్తూ నిలబడ్డాం, ఎవరమూ పొయ్యలేదు.

రోహిణికి ఫోన్ చేస్తాను. హలో అనను, ఎలా ఉన్నావనీ అనను. "ఏమే, ఆ రోజు మన పాకం అదేనా, ఇంకొకటా?" అని అడుగుతాను.

రోహిణే అయితే జవాబు చెప్పదు. ఎదురు ప్రశ్న వేస్తుంది.