నెమరు వెయ్యని గొర్రె

గొర్రెల మందలో తీర్పు చెప్పేది ముక్కు. కళ్ళు ఏం చెప్పినా, చెవులు ఏం చెప్పినా వాటికి పట్టదు. కన్నబిడ్డనైనా తల్లి వాసన చూసే దగ్గరికి తీస్తుంది. ఎర్రగుట్ట కింద ముళ్ళకంపతో కట్టిన ఓబులేసు దొడ్డిలోనూ అదే ధర్మం.

ఆ దొడ్డికి చుక్కి అనే కుక్క వచ్చింది. దాని పాత యజమాని మందనంతా అమ్ముకుని, ఖాళీ దొడ్డిలో దీన్ని గుంజకు కట్టేసి, వెనక్కి చూడకుండా పోయాడు. డొక్కలెండి పడున్నదాన్ని కాపరి ఓబులేసు విప్పి తెచ్చాడు. "ఉన్ని కత్తిరించేదాకా చూస్తా. మంద ఒప్పుకుంటే మనదే. గొర్రెలు బెదిరే కుక్కతో నాకేం పని? దాని దారి దానిదే" అన్నాడు.

మంద ఒప్పుకుంటేగా! చుక్కి దగ్గరికొస్తే చాలు, అన్నీ చెల్లాచెదురు.

"పరాయి మంద వాసన" అన్నాడు పెద్ద పొట్టేలు గంగన్న.

"వాసనదేముందిరా, పక్కన పడుకుంటే అంటుకుంటుంది" అన్నది ముసలి గొర్రె బొల్లవ్వ. "తల్లి చచ్చిన పిల్లల్ని ఎన్నింటిని సాకలేదు నేను? దీన్నీ సాకుతా. రావే, నా డొక్కకు ఆనుకుని పడుకో."

"వాళ్ళు తరిమితే అవ్వా?"

"తరిమితే మళ్ళీ రా. సిగ్గుపడితే కడుపు నిండదు."

గుట్ట మీంచి నక్క ఇదంతా చూస్తోంది. దాని కన్ను లేత పిల్లల మీద. కుక్క కుదురుకుందంటే ఇక దాని నోట్లో మట్టే. మెల్లగా కంప దగ్గరికొచ్చింది.

"గంగన్నా, మంచి కుక్కనైతే ఎవడైనా వదిలేసిపోతాడా చెప్పు?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నది బొల్లవ్వ.

"మీ మేలు కోరే చెబుతున్నా పెద్దమ్మా. ఉన్ని కత్తిరించిన సాయంత్రం వాకిట్లో నిలబడి, గంగన్నే అందరి వాసనా చూడనీ. మీ వాసన ఉంటే లోపలికి, లేకుంటే బయటికి. ఇంతకన్నా న్యాయం ఉందా?"

గంగన్నకు తన ముక్కంటే మహా గొప్ప. తలూపాడు. ఆయన ఊపాక మందంతా ఊపింది, అడగాలా?

కత్తిరింపు రోజు రానే వచ్చింది. ముందుగా గొర్రెల్ని వాగులో కడుగుతూ, పన్లో పనిగా చుక్కినీ ముంచి తీశాడు ఓబులేసు. గొర్రెల వాసన తోలులోది, పోదు. చుక్కిది పైపైన అంటుకున్నది. ఇన్నాళ్ళూ బొల్లవ్వ పక్కలో సంపాదించిందంతా వాగుపాలైంది.

సాయంత్రం వాకిట్లో గంగన్న చుక్కిని వాసన చూశాడు. "లేదు. బయటే ఉండు."

"అయితే నేనూ బయటే" అన్నది బొల్లవ్వ.

"నువ్వు లోపలికి పో అవ్వా. నాకిది అలవాటే" అన్నది చుక్కి.

ఆ 'అలవాటే' అన్న మాట విని బొల్లవ్వ దాని పక్కకు జరిగింది. "సాకుతానన్నాను. మాట మార్చను" అని అక్కడే కాళ్ళు ముడిచి కూర్చుంది.

చివర్లో తల వంచుకుని ఒకటి వచ్చింది, ఒళ్ళంతా ఉన్నితో. గంగన్న ఆపాడు.

"నీకు కత్తెర పడలేదే?"

"నా వంతు రేపన్నారు పెద్దయ్యా."

వాసన చూశాడు. తమ వాసనే. కత్తిరించిన ఉన్నికుప్పలో పొర్లాడి వచ్చిన నక్కకు ఇంకే వాసన ఉంటుంది?

పొద్దు వాలుతోంది. మంద పడుకుని నెమరు వేస్తోంది. కంప సందులోంచి చూస్తున్న చుక్కి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అవ్వా, అందరి దవడలూ ఆడుతున్నాయి. ఆ ఉన్నిదానిది ఆడటంలేదు. పిల్లల వైపు జరుగుతోంది."

"నిజమేనే. కానీ ఇప్పుడు లోపలికి దూకావంటే ఇంక జన్మలో నిన్ను..."

"రానివ్వకపోతే పోనీ అవ్వా. ముందు పిల్లలు."

ముళ్ళు గీరుకున్నా లెక్కచెయ్యకుండా దూకింది. ఒక్క గొర్రెనీ తాకకుండా మంద మధ్యలోంచి నక్కనొక్కదాన్నే విడదీసి మూలకు నెట్టింది.

"గంగన్నా, నీ ఎదుటే నన్ను చంపుతోంది! వాసన చూడు, నేను మీదాన్నే" అని ఏడ్చింది నక్క.

గంగన్న చూశాడు. మళ్ళీ అదే వాసన. కొమ్ములు చుక్కి మీదికి వంచాడు. ఈలోగా వాకిట్లోంచి వచ్చిన బొల్లవ్వ మధ్యలో నిలబడింది.

"ఆగరా. మనదే అయితే నెమరు వెయ్యమను."

మంద అంతా నక్క వైపు తిరిగింది. నక్క దవడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. లోపల గడ్డి ఉంటేగా పైకి రావడానికి! పక్కనున్న గొర్రెపిల్ల దాని నోట్లోకి తొంగిచూసింది.

"అవ్వా, దీనికి కోరలున్నాయి."

గంగన్న కొమ్ములు నక్క వైపు తిరిగాయి. ఒక్క పోటుకు నక్క కంప మీద పడింది. అరువు ఉన్నితోపాటు సొంత తోక వెంట్రుకల్లో సగం ముళ్ళకు వదిలేసి గుట్టెక్కింది.

చుక్కి ఎవరూ చెప్పకముందే వాకిలి దాటి బయట కూర్చుంది. గంగన్న తల దించుకుని వచ్చాడు.

"లోపలికి రా తల్లీ."

"నా వాసన పోయిందిగా మామా?"

"నా ముక్కు సంగతి ఇంకెత్తకు" అని వాకిలి వదిలి పక్కకు తప్పుకున్నాడు.

పొద్దున ఓబులేసు కంపలో చిక్కిన నక్క తోక వెంట్రుకలు చూశాడు, వాకిలికి అడ్డంగా పడుకున్న చుక్కినీ, దాని వీపు మీద గడ్డం ఆనించి నెమరు వేస్తున్న బొల్లవ్వనీ చూశాడు. తన సంగటి ముద్దలో సగం తుంచి చుక్కి ముందు పెట్టాడు.

వాసనదేముంది, పొర్లితే అంటుకుంటుంది. కాపు కాసినవాళ్ళే మనవాళ్ళు.