వాగొడ్డున గుడారం వేసుకున్న పెళ్ళివారు

దబ్బపాలెంలో వీరభద్రి ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకే ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనరు, వీరభద్రే అంటాడు. అది గ్రహించేపాటి తెలివి కూడా ఊళ్ళోవాళ్ళకి లేకపోయిందే అని అతని బాధ. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. వీరభద్రి, అతని భార్య సత్తెమ్మ, తమ్ముడు నూకరాజు. "మాటకి ఒకటే అర్థం ఉంటుంది. ఇంకో అర్థం వెతికేవాడు వెర్రివాడు" అని వీరభద్రి రోజూ అన్నం ముందు కూచుని చెబుతాడు. మిగతా ఇద్దరూ తలలూపి, ముద్ద కలుపుకుంటారు.

ఓసారి ముగ్గురూ సంతకి బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక సత్తెమ్మకి గుర్తొచ్చింది. "నూకరాజూ, తలుపు దగ్గరికి వేసి రా నాయనా" అంది. నూకరాజు వెనక్కి వెళ్ళాడు, ఎంతసేపటికీ రాడు. చివరికి రెండు తలుపు రెక్కలూ ఊడబీకి, నెత్తిన పెట్టుకుని వచ్చి, వదిన దగ్గరికి వేశాడు. సత్తెమ్మ మురిసిపోయింది. "మా మరిదికి ఒక్కసారి చెబితే చాలు" అని సంతంతా చెప్పుకుంది. సంతంతా ఆ తలుపులు మోసింది కూడా మరిదే.

తలుపులు మోసుకు తిరుగుతున్న ఆ మనిషిని చూసి అడ్డాకులు అమ్మే పైడితల్లి ఫక్కున నవ్వింది. అంతే, నూకరాజు మనసు అక్కడే ఆగిపోయింది. మనసులో మాట దాచుకోవడం వాడికి రాదు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగేశాడు.

"చూద్దాంలే" అంది పైడితల్లి.

ఇంకేముంది, నూకరాజు తలుపులు దించి, ఎదురుగా గొంతుక్కూచుని చూడడం మొదలుపెట్టాడు. ఆ సంతే కాదు, ఆ తరవాత ప్రతి సంతకీ వెళ్ళి, దుకాణాలు ఎత్తేసేదాకా చూశాడు. ఆఖరికి ఆ పిల్లే అడిగింది, "ఏంటలా చూస్తావు?" అని.

"చూద్దామన్నావుగా. నా చూడ్డం నేను చూస్తున్నాను. నువ్వే ఇంకా మొదలుపెట్టలేదు."

పైడితల్లి నవ్వి నవ్వి అడ్డాకుల మోపు మీద వాలిపోయింది. ఇంటికెళ్ళి తండ్రితో, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని తెగేసి చెప్పింది.

తండ్రి పేరు బంగారయ్య. అడవి మధ్యలో, సుద్దవాగు ఒడ్డున, పట్నం వాళ్ళు గుడారాలు వేసుకుని ఉండడానికి ఓ చిన్న చోటుంది. దాన్ని చూసుకునేది ఆయనే. అక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు, నాలుగు గుడారాలకి మించి జాగా లేదు. ఇవేవీ లేవనే పట్నం వాళ్ళు వస్తారు. వచ్చి, ఇవేవీ లేవని బంగారయ్యనే తిడతారు. చెప్పిన మాట ఒక్కడూ వినడు. అలాంటివాళ్ళని చూసి చూసి ఆయనకి మనుషుల మీద నమ్మకం పోయింది.

"ఇంట్లో మంచం మీద కూచున్నప్పుడు అందరూ మంచివాళ్ళేనే. అడవిలో ఓ పూట ఉంటే అసలు మనిషి బయటపడతాడు. వాళ్ళని వచ్చి ఉండమను. నచ్చితే పిల్లనిస్తాను, లేకపోతే లేదు" అన్నాడు.

ఈ కబురు విన్న దగ్గర్నుంచి నూకరాజుకి అన్నం సయించలేదు. "అన్నయ్యా, నాలోంచి ఇంకో మనిషి బయటపడితే, ఆ పిల్లని వాడికిచ్చేస్తారేమో" అన్నాడు. "నేను పక్కనే ఉంటాగా, వాణ్ణి పట్టుకుంటాను" అని వీరభద్రి ధైర్యం చెప్పాడు.

ముగ్గురూ వెళ్ళారు. బంగారయ్య మర్యాదగా మంచినీళ్ళిచ్చి, మడతపెట్టిన గుడారం ఒకటి తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. "ఇదిగో బావగారూ. ఆ మద్దిచెట్టు కింద వేసుకోండి. నేను మేకులు పట్టుకొస్తాను" అని పాకలోకి వెళ్ళాడు.

అంతే, ముగ్గురూ మద్దిచెట్టు కిందికి వెళ్ళి గుడారం వేసుకున్నారు. గాలికోసం పెట్టిన కిటికీలోంచి నూకరాజు తల బయటికి పెట్టాడు. వీరభద్రి గుమ్మంలోంచి చేతులు రెండూ తీశాడు. సత్తెమ్మకి తల పట్టే దారి దొరక్క లోపలే ఉండిపోయింది.

"వదులుగా కుట్టాడండీ దర్జీ" అంది లోపల్నుంచి.

"ముగ్గురికీ కలిపి కుట్టాలంటే వదులు ఉండాలి కదే" అన్నాడు వీరభద్రి.

మేకులతో వచ్చిన బంగారయ్యకి, ఆరు కాళ్ళతో చెట్టు చుట్టూ నడుస్తున్న గుడారం కనిపించింది. ఆయన కాసేపు చూసి, తనని నవ్వించడానికే ఇదంతా అనుకుని నవ్వాడు. నూకరాజు కూడా నవ్వాడు, మామగారికి బట్టలు నచ్చాయనుకుని. బంగారయ్య గుడారం విప్పించి, తనే మేకులు కొట్టి, నిలబెట్టాడు. రాళ్ళు పేర్చి పొయ్యి రాజేశాడు.

"నేనూ అమ్మాయీ కూరలు పట్టుకొస్తాం. ఈలోగా పొయ్యి మీద ఓ కన్నేసి ఉంచండి, ఎండుగడ్డి, గాలి ఎక్కువ. వాగులో మాత్రం కాలు పెట్టకండి, అడుగున నాచు. వానొస్తే గుడారంలో తలదాచుకోండి. ఏదన్నా ఉంటే నా చెవిన వేయండి" అని చెప్పి వెళ్ళాడు.

"ఎంత విడమరిచి చెప్పాడో చూశావా? మన తెలివికి తగ్గ సంబంధం" అన్నాడు వీరభద్రి.

పొయ్యి మీద ఓ కన్ను వేయడానికి సత్తెమ్మ కూచుంది. రెండో కన్ను కొంగుతో గట్టిగా కట్టేసుకుంది. కట్టేసిన కన్ను వైపే నిప్పురవ్వ ఎగిరి గడ్డిలో పడింది. అక్కణ్ణుంచి చాప అంటుకుంది. చాప మీంచి, వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర బుట్ట అంటుకుంది. సత్తెమ్మకి కమురు వాసన వచ్చింది. కానీ ఆవిడ పొయ్యి మీంచి కన్ను తియ్యలేదు.

"ఏమండీ, ఈ కంటికి అంతా బాగానే ఉంది. ఆ కంటి సంగతి మీరు చూడండి" అంది.

వీరభద్రి చూశాడు. నీళ్ళు కావాలి. నీళ్ళు వాగులో ఉన్నాయి. వాగులో కాలు పెట్టకూడదు. వీరభద్రి లాంటివాడు ఉండబట్టి సరిపోయింది గానీ, ఇంకొకళ్ళయితే అక్కడే ఆగిపోదురు. అతను ఒడ్డునే నిలబడి తమ్ముడి కాళ్ళు రెండూ ఎత్తి పట్టుకున్నాడు. నూకరాజు చేతులమీద వాగులోకి నడిచాడు. చేతులు నేలమీద ఉన్నాయి కాబట్టి బిందె మెడకి తగిలించారు. బిందె నిండింది, నూకరాజు కడుపూ నిండింది. బయటికి లాగేసరికి పులిహోర బూడిదై, నిప్పు దానంతటదే ఆరిపోయింది.

"పోతే పోయింది. కాళ్ళు చూడు, ఎంత పొడిగా ఉన్నాయో" అన్నాడు వీరభద్రి. నూకరాజు దగ్గుతూనే తన కాళ్ళు చూసుకుని సంతోషించాడు.

అంతలో వాన పట్టుకుంది. బంగారయ్య, పైడితల్లి గొడుగేసుకుని పరుగున వచ్చేసరికి, గుడారం బయట మూడు ఒళ్ళు బోర్లా పడున్నాయి. తలలు లోపల. ఒళ్ళంతా బురద.

"అయ్యో, ఏమైందండీ మీకు?" అన్నాడు బంగారయ్య.

"ఏమీ కాలేదు బావగారూ, తలలు భద్రంగా దాచాం. మిగతావి దాచమని మీరు చెప్పలేదు" అన్నాడు వీరభద్రి లోపల్నుంచి.

ఈసారి బంగారయ్య నవ్వలేదు. కాలిన బుట్ట చూశాడు, ఒంటికంటి సత్తెమ్మని చూశాడు, మొహం గంటు పెట్టుకున్నాడు. పైడితల్లి నూకరాజుని పక్కకి పిలిచి, "మా నాన్నకి కోపం వచ్చింది. నువ్వింక నోరు మెదపకు, నేను సర్దుకొస్తాను" అని గుసగుసగా చెప్పింది. నూకరాజు తల ఊపాడు. ఊపేటప్పుడు కూడా పెదాలు బిగించే ఉంచాడు.

వాన వెలిశాక బంగారయ్య రాతి మీద కూచుని, నూకరాజుని ఎదురుగా నిలబెట్టాడు. "ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను బాబూ. మా అమ్మాయంటే నీకు ఇష్టమేనా?"

నూకరాజు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం మెదపలేదు.

"నిన్నే. ఇష్టమా, కాదా?"

నూకరాజు పెదాలు ఇంకాస్త బిగించాడు. పైడితల్లి తల పట్టుకుంది. "సరే, అర్థమైంది" అని బంగారయ్య లేవబోయాడు.

సంబంధం జారిపోతోందని వీరభద్రికి తెలిసిపోయింది. ఇలాంటప్పుడే ఇంటి పెద్ద అడ్డుపడాలి. "బావగారూ, ఒకటుందండీ. మీ చెవిన వెయ్యాలి" అన్నాడు. బంగారయ్య ఆశగా తల వంచాడు. వీరభద్రి, ఇందాక గుడారంలో దొరికితే పిడికిట్లో దాచి ఉంచిన గండుచీమని తీసి, జాగ్రత్తగా ఆయన చెవిన వేశాడు.

ఆ తరవాత బంగారయ్య చాలాసేపు గెంతాడు. పైడితల్లి నూనె పోసి చీమని తీసింది. ఆయన చెవి పట్టుకుని, "పొండి. ముగ్గురూ పొండి ఇక్కణ్ణుంచి" అన్నాడు.

"నాన్నా, ఒక్కమాట" అంది పైడితల్లి. "నువ్వు వేసుకోమన్నావు, వేసుకున్నారు. కాలు పెట్టొద్దన్నావు, పెట్టలేదు. నోరు మెదపొద్దని నేనే అన్నాను, ఏడుపొస్తున్నా మెదపలేదు. ఇన్నేళ్ళలో ఈ వాగొడ్డుకి వచ్చినవాళ్ళలో నీ మాట పొల్లుపోకుండా విన్నవాళ్ళు ఇంకెవరున్నారు?"

బంగారయ్య ఆలోచించాడు. ఎవరూ లేరు. కోపం కొంచెం దిగింది. "నిజమే. తెలివి లేకపోతే పోనీ. మాట మీద నిలబడే మనిషైతే నాకు చాలు" అన్నాడు.

ఇంకేముంది, నూకరాజు పుల్ల తీసుకుని వాగొడ్డుకి పరిగెత్తాడు. తడి ఇసుకలో పెద్దపెద్ద అక్షరాలతో 'మాట' అని రాసి, ఒక కాలు 'మా' మీద, ఒక కాలు 'ట' మీద వేసి నిలబడ్డాడు.

కొండల్లో కురిసిన వానకి వాగు పెరుగుతోంది. నీళ్ళు నూకరాజు పాదాల దాకా వచ్చాయి, పిక్కల దాకా వచ్చాయి. "పైకి రావయ్యా, కొట్టుకుపోతావు" అని బంగారయ్య అరిచాడు. నూకరాజు కదల్లేదు. నీళ్ళలోకి వంగి చూసుకుని ఘొల్లుమన్నాడు. "నేను నిలబడే ఉన్నానండీ. మాటే పోయింది" అన్నాడు. గట్టు మీద సత్తెమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఇంట్లో మాట పోవడం అదే మొదలు.

బంగారయ్య బతిమాలాడు, తిట్టాడు, తాడు విసిరాడు. పైడితల్లి మాత్రం పొయ్యిలోంచి బొగ్గు తీసి, గట్టు మీది బండరాయి మీద నాలుగడుగుల అక్షరాలతో 'మాట' అని రాసింది. "ఇదిగో, ఇక్కడుంది. వచ్చి నిలబడు" అంది. నూకరాజు తాడు పట్టుకుని, రెండంగల్లో వచ్చి నిలబడ్డాడు.

బంగారయ్య కూలబడి, తడిసిన ఆ మనిషినీ, చేతులకి బొగ్గు అంటిన కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయనకి నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. "నీకోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడే వీడు. ఇంతకంటే నాకేం కావాలి" అన్నాడు. తరవాత నూకరాజు చెయ్యి పట్టుకుని, తల్లి లేని పిల్ల అని చెప్పుకుని, "దీన్ని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకో నాయనా" అన్నాడు.

అంతే, నూకరాజు పైడితల్లిని ఎత్తి భుజాన కూచోబెట్టుకున్నాడు.

"ఇప్పుడు కాదయ్యా, పెళ్ళయ్యాక" అన్నాడు బంగారయ్య. ఎప్పట్నుంచి అన్నది ముందే చెప్పాల్సిందని వీరభద్రి తప్పుపట్టాడు. ఎంత చెప్పినా నూకరాజు దించలేదు. అలిసిపోతే బండ మీద, కాళ్ళు ముడుచుకుని కూచోమంటాడు, మళ్ళీ ఎత్తుకుంటాడు. పైడితల్లి కూడా దించమని గట్టిగా అడగలేదు. ఇక లాభం లేదని బంగారయ్య పక్క ఊరికి పోయి పురోహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ గుడారం ముందే తాటాకుల పందిరి వేసి, పొయ్యి మళ్ళీ రాజేసి, ఆ నిప్పుతోనే హోమం వెలిగించి, పెళ్ళి చేసేశారు.

తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. "ఇప్పుడు ఇద్దరూ కలిసి ఏడడుగులు వేయండి" అన్నాడు పురోహితుడు.

నూకరాజు పెళ్ళాన్ని భుజాన సర్దుకుని, నెమ్మదిగా ఏడడుగులు వేసి ఆగాడు. పురోహితుడు అక్షింతలు తీసుకున్నాడు. నూకరాజు ఆయన్ని ఆగమని చెయ్యి చూపించి, మళ్ళీ మొదటికొచ్చి, ఇంకో ఏడడుగులు వేశాడు.

"ఇందాకటివి నావండీ. ఇవి ఆవిడవి."