పుల్లావు గంట, నల్లడి డప్పు

ఒకప్పుడు తలల్లోని డప్పులకు ఒకటే దరువు. టక్... టక్... టక్... పండగైనా పస్తైనా అంతే.

ఆ రోజుల్లో చుక్కి అనే లేగదూడ ఉండేది. దాని తలలో, బాగా లోతున, నల్లడనే బుల్లి జీవకణం డప్పు పట్టుకుని కూచునేవాడు. వాడు కొడుతుంటేనే చుక్కి కాళ్లు కదిలేవి. పక్కనే వాడి అక్క నిమ్మళి. ఆమె అరచెయ్యి ఎప్పుడూ డప్పు మీదే.

"మెల్లగారా తమ్ముడూ! దూడ అలిసిపోతుంది" అనేది.

చుక్కి పుట్టిన పూటే నాలుక నుంచి కబురొచ్చింది. "పాలు! తియ్యటి పాలు!"

ఎవరూ అనుకోని కబురది. నిమ్మళి మురిసిపోయి చెయ్యెత్తేసింది. ఇంకేముంది? టకటకటకటక! డప్పు హోరెత్తింది. చుక్కి చెంగున గెంతింది.

నల్లడు చురుకైనవాడు. తల్లి పుల్లావు మెడలో కంచుగంట మోగిన కాసేపటికే పాలు వస్తున్నాయని కనిపెట్టాడు.

"అక్కా, పాలొచ్చేదాకా ఆగడమెందుకు? గంటకే కొట్టేస్తా. దూడ ముందే పరిగెడుతుంది."

"గంట పాలు కాదురా పిచ్చోడా!"

"అమ్మ గంట అబద్ధం చెబుతుందా?"

అక్క నవ్వి సరేనంది. ఇక గంట వినగానే టకటకటక! పాలు నోట్లో పడేసరికి మళ్లీ మామూలే, టక్... టక్.

వానాకాలంలో పుల్లావు జబ్బుచేసి చచ్చిపోయింది. దాన్ని సాకిన కోటమ్మవ్వ కళ్లొత్తుకుంది. "నిక్షేపంలాంటి గంట, ఊరికే పడుండటం దేనికి" అని కొత్తగా తెచ్చిన ఆవు మెడలో కట్టింది.

సాయంత్రం గంట గణగణమంది.

"అక్కా, అమ్మొచ్చేసింది! చెయ్యి తియ్యి!"

టకటకటక! చుక్కి తోకెత్తి పరిగెత్తి పొదుగు కింద దూరింది. కొత్తావు ఒక్క తాపు తన్నింది. "ఎవరి పిల్లవే నువ్వు? అవతలికి పో!"

పాల కబురు రాలేదు. నల్లడి చేతులు ఆగిపోయాయి. డప్పు మూగబోయింది. చుక్కి ఉన్నచోటే కూలబడింది.

"కొట్టరా" అంది నిమ్మళి. "నువ్వు ఆపితే అది ఇక లేవదు."

"దానికి లేని అమ్మను చూపించానక్కా. ఏ మొహం పెట్టుకుని కొట్టను?"

"సంతోషంగా కొట్టమన్నానా? బతకడానికి కొట్టు. మెల్లగానే కొట్టు."

నల్లడు కళ్లు తుడుచుకున్నాడు. టక్... టక్...

కోటమ్మవ్వ దూడను చూసి నెత్తి బాదుకుంది. "నా చేతులు పడిపోనూ! తల్లి గంట వినిపించి బిడ్డను తన్నించానే!" గంట విప్పి పాక చూరుకు వేలాడదీసింది. గంజిలో వేలు ముంచి చుక్కి నోట్లో పెట్టింది.

అనుకోని కబురు! నిమ్మళి చెయ్యి లేచింది. టకటకటక! చుక్కి వణుకుతూ లేచి నిలబడింది.

చుక్కి పెరిగి పెద్దదైంది, దానికీ దూడలు పుట్టాయి. గాలి వీచినప్పుడు చూరులో గంట ఒక్కసారి మోగేది. చుక్కి మేత మానేసి చెవులు నిక్కించేది.

"ఇంకా ఎందుకురా?" అనేది నిమ్మళి.

"ఏమో అక్కా, ఈసారి వస్తుందేమో!"

ఆమె కాదనలేక చెయ్యెత్తేది. డప్పు కాస్త మోగేది, ఆగిపోయేది, మళ్లీ మెల్లగా సాగేది.

అప్పటినుంచే మన తలల్లోని డప్పులన్నీ మెల్లగా కొట్టుకుంటూ, మంచి కబురు రాబోతోందంటే చాలు, గబగబా మోగుతాయి. ఆ మంచి రాకపోతే ఒక్క క్షణం మూగబోతాయి.